ఎవరిని ఎవరు దించగలరు? తిరుపతిలో ఒక ఆదివారపు పాలిటీ బ్యాచ్‌పై సమీక్ష

తిరుపతిలో పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలకు కొదవ లేదు. బాలాజీ కాలనీలో పది నిమిషాలు నడిస్తే చాలు, మేడల మీద ర్యాంకర్ల ఫొటోలతో కట్టిన ఫ్లెక్సీలే కనిపిస్తాయి. అలాంటి ఒక కేంద్రంలో, ఉద్యోగం చేసుకుంటూ చదివేవారి కోసం ఆదివారాలు మాత్రమే నడిపే పాలిటీ (రాజ్యాంగం, ప్రభుత్వ వ్యవస్థల సబ్జెక్టు) బ్యాచ్‌లో చేరి, పద్నాలుగు వారాలు క్రమం తప్పకుండా హాజరై, కిందటి నెలలో ముగించాను. ఫీజు 6,500 రూపాయలు. మెటీరియల్‌కు అదనంగా 900 రూపాయలు తీసుకున్నారు. ఈ సమీక్షలో ఫిర్యాదులు కూడా ఉన్నాయి. పైగా నాతో కూర్చున్నవారిలో కొందరు ఇప్పటికీ అక్కడే మిగతా సబ్జెక్టులు చదువుతున్నారు. అందుచేత కేంద్రం పేరు గానీ, పాఠం చెప్పినవారి పేరు గానీ రాయడం లేదు.

నేను చంద్రగిరి మండలంలోని ఒక గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. గ్రూప్-2 మెయిన్స్ మొదటి పేపరులో ఆంధ్రప్రదేశ్ చరిత్రతో పాటు భారత రాజ్యాంగం ఉంటుంది, తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత పడుతుంది. రెండేళ్ళ పాటు బిట్ బ్యాంకులు తిరగేసినందువల్ల ఏ అధికరణ దేని గురించి అని అడిగితే తడుముకోకుండా చెప్పగలిగేదాన్ని. కానీ "కింది వాటిలో పార్లమెంటరీ విధాన లక్షణం కానిది ఏది" అని అడిగితే మాత్రం నాలుగూ లక్షణాలుగానే కనిపించేవి. పునాది లేకుండా గోడ లేపానని అర్థమై, ఆ లోటు పూడ్చుకోవడానికే ఈ బ్యాచ్‌లో చేరాను. అందువల్ల రాజ్యం, ప్రభుత్వం, ప్రభుత్వ రూపాలు అనే మొదటి సగం పాఠాల గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను. ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాలు వంటి రెండో సగం అన్ని చోట్లా చెప్పే తీరుకు పెద్దగా భిన్నంగా లేదు.

పాఠం చెప్పిన సారు జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవారు. మొదటి ఆదివారం పుస్తకం తెరవకుండానే "మీకు ప్రభుత్వం ఎక్కడ కనిపిస్తుంది?" అని అడిగారు. ఎమ్మార్వో ఆఫీసు అని ఒకరు, పోలీస్ స్టేషన్ అని ఒకరు, రేషన్ షాపు అని ఒకరు చెప్పారు. నేను మా సచివాలయం అన్నాను. అన్నీ బోర్డు మీద రాసి, వాటి పక్కన "రాజ్యం" అన్న మాట ఒక్కటే పెద్ద అక్షరాలతో రాసి, ఇది మాత్రం మీకు ఎక్కడా కనిపించదు అన్నారు. జనాభా, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం అనే నాలుగు లక్షణాలు ఇంటర్‌లో అందరమూ చదివినవే. కానీ అందులో ప్రభుత్వం అనేది రాజ్యానికి ఒక అంగం మాత్రమేననీ, అంగం మారినా రాజ్యం మారదనీ ఆయన చూపించిన పద్ధతి ఇంతకు ముందు నేను వినలేదు.

1940లో తిరుపతిలో పుట్టిన ఒక పెద్దాయన అదే ఇంటి అరుగు మీద ఇప్పటికీ కూర్చొని ఉన్నాడనుకోమన్నారు. ఆయన పుట్టినప్పుడు ఆ ఇల్లు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది, 2014 జూన్ 2 తరువాత విభజిత ఆంధ్రప్రదేశ్‌లో మిగిలింది, 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది. అరుగు కదలలేదు, పెద్దాయన కదలలేదు, చిరునామా మాత్రం మారుతూనే ఉంది. ఇన్ని మార్పులలో ఆయన తల మీద ఉన్న సార్వభౌమాధికారం చేతులు మారింది మాత్రం ఒక్కసారే, 1947లో. మిగిలినవన్నీ రాష్ట్రాల మార్పులే, జిల్లాల మార్పులే తప్ప రాజ్యం మారడం కాదు. ఈ ఒక్క ఉదాహరణతో రాజ్యానికీ రాష్ట్రానికీ ఉన్న తేడా నాకు శాశ్వతంగా నిలిచిపోయింది.

తెలుగులో చదివేవారికి ఈ తేడా మరీ అవసరం. ఇంగ్లిషులో రెంటికీ స్టేట్ అనే ఒకే మాట ఉండగా, మనం సందర్భాన్ని బట్టి ఒకచోట రాజ్యం అనీ మరొకచోట రాష్ట్రం అనీ రాస్తాము. అనువాదకుడు పొరబడితే ప్రశ్న అర్థమే తలకిందులవుతుంది. పన్నెండో అధికరణలో ప్రాథమిక హక్కుల నిమిత్తం చెప్పిన "రాజ్యం" అనే మాటలో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, చట్టసభలతో పాటు స్థానిక సంస్థలు కూడా చేరతాయి. అంటే నేను పనిచేసే పంచాయతీ కూడా ఆ అర్థంలో రాజ్యమే. సర్టిఫికెట్ల కోసం వచ్చేవారితో కాస్త విసుగ్గా మాట్లాడిన రోజులు గుర్తుకు వచ్చి ఆ క్లాసులో నాకు కొంచెం సిగ్గు వేసిన మాట కూడా నిజం.

ఆ రోజే వెనుక బెంచీలోని ఒక అబ్బాయి "టీటీడీ కూడా ప్రభుత్వమేనా సార్?" అని అడిగాడు. హాలంతా నవ్వింది గానీ సారు నవ్వలేదు. 1843లో ఈస్టిండియా కంపెనీ తిరుమల ఆలయ నిర్వహణను హథీరాంజీ మఠం మహంతులకు అప్పగించిందనీ, 1932లో మద్రాసు శాసనసభ చేసిన చట్టంతో ఆ ఏర్పాటు ముగిసి 1933 నుంచి కమిటీ పాలన మొదలైందనీ వివరించారు. ఇప్పుడు ధర్మకర్తల మండలిని నియమించేది రాష్ట్ర ప్రభుత్వమేనని చెప్పి, సిబ్బంది, ఆదాయం, భూములు, నిబంధనలు అన్నీ ఉన్నప్పటికీ ఆ సంస్థకున్న అధికారమంతా వేరొకరు చేసిన చట్టం ఇచ్చినది కనుక దానికి సార్వభౌమాధికారం లేదని తేల్చారు. అధికారం ఉండడం వేరు, ఆ అధికారం ఎవరి దగ్గరి నుంచి వచ్చిందన్నది వేరు. తిరుపతి వారికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

ప్రభుత్వ రూపాల వర్గీకరణను అరిస్టాటిల్‌తో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఇక్కడ కూడా అలాగే జరిగింది. పాలించేది ఒక్కరా, కొందరా, అనేకులా అన్నది ఒక కొలత. పాలన అందరి మేలు కోసమా, పాలకుల మేలు కోసమా అన్నది రెండో కొలత. ఒక్కరి మంచి పాలన రాజరికం, చెడితే నిరంకుశత్వం. కొందరి మంచి పాలన కులీన పాలన, చెడితే అల్పజన పాలన. అనేకుల మంచి పాలనకు ఆయన పెట్టిన పేరు పాలిటీ, చెడిన రూపానికి పెట్టిన పేరు ప్రజాస్వామ్యం. మేము ఫీజు కట్టి చేరిన సబ్జెక్టు పేరే ఆయన పట్టికలో మంచి గడిలో ఉందనీ, రోజూ గొప్పగా చెప్పుకునే ప్రజాస్వామ్యం చెడ్డ గడిలో ఉందనీ తెలిసేసరికి హాలులో చాలాసేపు గుసగుసలు నడిచాయి. ఆ రోజులలో ఆ మాటకు పేదలైన అధిక సంఖ్యాకులు తమ లాభం కోసమే నడిపే పాలన అనే అర్థం ఉండేదనీ, ఇప్పటి రాజ్యాంగబద్ధ ప్రజాస్వామ్యంతో దాన్ని కలపకూడదనీ సారు సర్దిచెప్పారు. ఈ భాగాన్ని గంటలో ముగించడం సరైన నిర్ణయమే. పరీక్షలో దీని నుంచి వచ్చేది మహా అయితే ఒక్క బిట్టు.

ప్రజాస్వామ్యమూ గణతంత్రమూ ఒకటే అనుకునే పొరపాటును మాత్రం ఓపికగా విడదీశారు. పాలకులను ప్రజలు ఎన్నుకుంటున్నారా అన్నది మొదటి ప్రశ్న. దేశాధినేత పదవి వారసత్వంగా వస్తుందా రాదా అన్నది రెండో ప్రశ్న. బ్రిటన్‌లో మొదటిదానికి అవును, కానీ దేశాధినేత రాజు. కనుక అది ప్రజాస్వామ్యమే గానీ గణతంత్రం కాదు. మన పొరుగున 2008లోనే రెండు దేశాలు రెండు దారులు పట్టాయి: నేపాల్ రాజరికాన్ని రద్దు చేసి గణతంత్రమైంది, భూటాన్ రాజును ఉంచుకొనే రాతపూర్వక రాజ్యాంగం తెచ్చుకొని పార్లమెంటుకు ఎన్నికలు జరిపింది. జనవరి 26న ఏటా జెండా ఎగరేస్తూ కూడా గణతంత్ర దినోత్సవం అన్న మాటలో గణతంత్రం దేనికి వచ్చిందో ఇంతవరకు ఆలోచించలేదని నా పక్కన కూర్చున్న టీచరమ్మ ఒప్పుకున్నారు.

ఇక ఈ బ్యాచ్‌కు ప్రాణం అనదగినది నాలుగో ఆదివారపు పాఠం. పార్లమెంటరీ విధానానికీ అధ్యక్ష విధానానికీ తేడాలను ఏ పుస్తకమైనా రెండు నిలువు గళ్ళలో పది పది అంశాలుగా ఇస్తుంది; మేమంతా అలాగే బట్టీ పట్టాము. సారు ఆ గళ్ళ జోలికి పోలేదు. బోర్డు మీద ఓటర్లు, చట్టసభ, కార్యనిర్వాహక వర్గం అని మూడు డబ్బాలు గీసి, "ఎవరిని ఎవరు దించగలరో బాణం గుర్తులు వేయండి, మిగతా తేడాలన్నీ వాటంతట అవే వస్తాయి" అన్నారు. మన లోక్‌సభ మంత్రిమండలిని అవిశ్వాసంతో దించగలదు, ప్రధాని సలహా మీద రాష్ట్రపతి లోక్‌సభను రద్దు చేయగలరు; కనుక బాణాలు రెండు వైపులా ఉంటాయి. అమెరికాలో అధ్యక్షుడు కాంగ్రెస్‌ను రద్దు చేయలేడు, కాంగ్రెస్ కూడా విధానం నచ్చలేదన్న కారణంతో అధ్యక్షుడిని దించలేదు. అందుచేత అక్కడ బాణం లేదు, అభిశంసన (ప్రతినిధుల సభ నేరారోపణ చేస్తే సెనేట్ విచారించి దించే పద్ధతి) అనే ఒక సన్నని చుక్కల గీత మాత్రమే ఉంది. ఆ గీత ఎంత సన్ననిదో చెప్పడానికి 1868లో ఆండ్రూ జాన్సన్, 1998లో క్లింటన్, 2019లోనూ 2021లోనూ ట్రంప్ ప్రతినిధుల సభలో అభిశంసనకు గురైనా, సెనేట్‌లో ఒక్కరు కూడా పదవి కోల్పోలేదని గుర్తు చేశారు. నిక్సన్ 1974లో సభలో ఓటింగు జరగక ముందే తానే రాజీనామా చేశారు.

ఆ వెంటనే మన వైపు బాణం ఎంత పదునైనదో చూపించారు. 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజపేయి ప్రభుత్వం విశ్వాస పరీక్షలో 269 ఓట్లు తెచ్చుకోగా వ్యతిరేకంగా 270 ఓట్లు పడ్డాయి. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. అమెరికాలో ఆ స్థితే ఎదురైతే అధ్యక్షుడు నాలుగేళ్ళ గడువు ముగిసేదాకా కొనసాగేవాడు, బిల్లులు మాత్రం ఆగిపోయేవి. ఒక విధానం జవాబుదారీతనానికి పెద్ద పీట వేసి స్థిరత్వాన్ని పణంగా పెడుతుంది, మరొకటి స్థిరత్వానికి పీట వేసి ప్రతిష్టంభనను భరిస్తుంది. ఈ రెంటికీ మధ్యన 1958 తరువాతి ఫ్రాన్స్ ఉంది. ప్రజలు నేరుగా ఎన్నుకునే అధ్యక్షుడూ, సభ దించగలిగే ప్రధానీ ఇద్దరూ అక్కడ ఉంటారు. ఏడుగురు సభ్యుల మండలి పాలించే స్విట్జర్లాండును ఒక్క వాక్యంలో దాటేశారు. అది మరికొంచెం చెప్పి ఉంటే బాగుండేది.

పుత్తూరు వైపు నుంచి వచ్చే ఒక కుర్రాడు అప్పుడు లేచి, "మా ఊర్లో సర్పంచిని అందరూ ప్రెసిడెంటు అనే అంటారు సార్, ఆయప్ప అమెరికా ప్రెసిడెంటు మాదిరేనా?" అని అడిగాడు. సారు ఒక్క క్షణం ఆగి, నువ్వు తెలిసి అడిగావో తెలియక అడిగావో గానీ సరిగ్గా అడిగావు అన్నారు. మన రాష్ట్రంలో సర్పంచిని గ్రామ ఓటర్లు నేరుగా ఎన్నుకుంటారు, వార్డు సభ్యులు అవిశ్వాసం పెట్టి ఆయనను దించలేరు. ఉపసర్పంచిని వార్డు సభ్యులే ఎన్నుకుంటారు కనుక వారే దించగలరు. మండల పరిషత్ అధ్యక్షుడిని ఎంపీటీసీ సభ్యులు ఎన్నుకుంటారు, అవిశ్వాసంతో దించగలరు. అంటే ఒకే మండలంలో గ్రామానికి అధ్యక్ష విధానపు పోలిక, మండలానికి పార్లమెంటరీ విధానపు పోలిక ఉన్నాయన్నమాట. ఆరేళ్ళుగా పంచాయతీ ఆఫీసులో కూర్చుంటూ, సర్పంచికీ వార్డు సభ్యులకూ పొసగని రోజులలో తీర్మానాల పుస్తకం వారాల తరబడి సంతకాలు లేకుండా బల్ల మీద పడి ఉండడం చూస్తూ కూడా, దానికి రాజనీతి శాస్త్రంలో ప్రతిష్టంభన అనే పేరుందని నాకు తట్టలేదు.

ఇంత మంచి ప్రశ్న వచ్చిన తరువాత స్థానిక సంస్థల పాఠాన్ని సారు విస్తరిస్తారని ఆశించాను. అది జరగలేదు. 1992 నాటి 73, 74వ సవరణలు, అవి 1993లో అమలులోకి రావడం, పదకొండో షెడ్యూలులో 29 అంశాలు, పన్నెండో షెడ్యూలులో 18 అంశాలు అని చెప్పి, చివరి ఆదివారం మధ్యాహ్నం గంటంపావులో చుట్టేశారు. హాలులో సగం మంది సచివాలయ ఉద్యోగులే అయినప్పుడు ఈ పాఠాన్ని మధ్యలోకి తెచ్చి, గ్రామసభకూ గ్రామ పంచాయతీకీ తేడా దగ్గరి నుంచి మొదలుపెట్టి ఉంటే, మేము చెప్పగలిగినవి కూడా చాలా ఉండేవి.

ఐదో ఆదివారం గవర్నరు పాత్ర. దించడం అనే ప్రశ్న ఇక్కడ మన రాష్ట్ర చరిత్రలోకే వచ్చింది. 1983 ఎన్నికలలో తిరుపతి, గుడివాడ రెండు చోట్లా గెలిచి ముఖ్యమంత్రి అయిన ఎన్టీ రామారావును 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ బర్తరఫ్ చేశారు. మెజారిటీ కోల్పోయారన్నది చెప్పిన కారణం. నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రి అయ్యారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, రామారావే మళ్ళీ ప్రమాణ స్వీకారం చేశారు. సారు ఎవరి పక్షమూ మాట్లాడకుండా ఒక్క ప్రశ్న మాత్రం వేశారు: మెజారిటీ ఉందో లేదో లెక్కపెట్టవలసిన చోటు రాజ్‌భవనా, శాసనసభా? పుస్తకం ప్రకారం ముఖ్యమంత్రిని నియమించేది గవర్నరు, మంత్రులు పదవిలో ఉండేది గవర్నరు ఇష్టం ఉన్నంత వరకు. కానీ మంత్రిమండలి సమష్టిగా బాధ్యత వహించేది శాసనసభకు. ఈ రెండు వాక్యాలూ 164వ అధికరణలోనే పక్కపక్కన ఉన్నాయి. రాష్ట్రపతి పాలన విధింపు గురించిన బొమ్మై కేసులో 1994లో సుప్రీంకోర్టు మెజారిటీని తేల్చవలసిన చోటు సభేనని చెప్పేదాకా ఆ రెండు వాక్యాల మధ్య ఖాళీలో ఎన్నో ప్రభుత్వాలు జారిపడ్డాయి. రెండు అధికరణ సంఖ్యలు, రెండు తేదీలుగా మాత్రమే తెలిసిన విషయం ఆ రోజు నాకు ఒక కథగా అర్థమైంది, పరీక్షలో మరచిపోయే ప్రమాదం ఇక లేదు.

ఇంతగా స్థానిక ఉదాహరణలు ఇచ్చే అధ్యాపకుడు స్పీకరు పదవి గురించి చెప్పినప్పుడు మాడభూషి అనంతశయనం అయ్యంగార్ పేరు ఎత్తకపోవడం నాకు వెలితిగా అనిపించింది. తిరుచానూరులో పుట్టి, రాజ్యాంగ సభలో కూర్చొని, మొదటి లోక్‌సభకు ఉపసభాపతిగా, 1956లో తొలి సభాపతి మావలంకర్ మరణం తరువాత సభాపతిగా పనిచేసిన మనిషి మన ఊరివాడు. ఆ క్లాసు జరిగిన మేడ నుంచి తిరుచానూరు పట్టుమని అరగంట ప్రయాణం కూడా కాదు.

ఏకకేంద్ర (అధికారమంతా ఒకే ప్రభుత్వం దగ్గర ఉండే), సమాఖ్య (కేంద్రం, రాష్ట్రాలు అధికారాన్ని పంచుకునే) ప్రభుత్వాల పాఠం దగ్గర సారుకూ శిక్షణ కేంద్రం వారు అమ్మిన మెటీరియల్‌కూ పొత్తు కుదరలేదు. మొదటి అధికరణలో భారతదేశం "యూనియన్ ఆఫ్ స్టేట్స్" అని ఉంది. ఈ మాటను మెటీరియల్‌లో "రాష్ట్రాల సమాఖ్య" అని అనువదించారు. పది పేజీల తరువాత, భారత్‌ను సమాఖ్య అని రాజ్యాంగం ఎక్కడా పేర్కొనలేదు అని ఒక బిట్టు ఇచ్చి, అది సరైన వాక్యం అని జవాబు పెట్టారు. రెండూ చదివిన విద్యార్థి ఏది నమ్మాలి? సారు మొదటిదాన్ని కొట్టేసి పైన "రాష్ట్రాల కలయిక" అని రాసుకోమన్నారు. రాష్ట్రాలు ఒప్పందం చేసుకొని ఏర్పడినది కాదు గనుక, విడిపోయే హక్కు ఏ రాష్ట్రానికీ లేదు గనుక యూనియన్ అన్న మాట వాడామని 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఇచ్చిన వివరణను చెప్పారు. అమెరికాలో ఒక రాష్ట్రాన్ని చీల్చాలంటే ఆ రాష్ట్ర చట్టసభ సమ్మతి తప్పనిసరి. మన దేశంలో మూడో అధికరణ ప్రకారం శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు. 2014 జనవరిలో మన శాసనసభ విభజన బిల్లును తిరస్కరిస్తూ తీర్మానించింది, ఫిబ్రవరిలో పార్లమెంటు దాన్ని ఆమోదించింది. ఆ రోజులలో రోడ్ల మీద జరిగిన బంద్‌లను చూసినవారికి మూడో అధికరణ గురించి ఇంతకు మించి చెప్పనవసరం లేదు. అమెరికా సెనేట్‌లో చిన్నా పెద్దా ప్రతి రాష్ట్రానికీ ఇద్దరేసి సభ్యులుండగా, మన రాజ్యసభలో ఉత్తరప్రదేశ్‌కు 31, ఆంధ్రప్రదేశ్‌కు 11 స్థానాలు ఉండడం కూడా ఈ తేడాలో భాగమేనని అప్పుడే కలిపి చెప్పారు.

మెటీరియల్ లోపాలు అంతటితో ఆగలేదు. మొదటి పేజీలో "సవరించిన తాజా ముద్రణ" అని వేసి, లోపల రాష్ట్రాల సంఖ్య 29 అని ఉంచారు. 2019 అక్టోబరు 31న జమ్మూ కాశ్మీర్ రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా మారిన తరువాత రాష్ట్రాలు 28. డయ్యూ డామన్, దాద్రా నగర్ హవేలీల విలీనంతో 2020 జనవరి నుంచి కేంద్రపాలిత ప్రాంతాలు 8. లోక్‌సభకు ఆంగ్లో ఇండియన్ల నామినేషన్ 104వ సవరణతో ముగిసిన సంగతి కూడా అందులో లేదు. నేను ఒక ఆదివారం ఇవన్నీ పెన్సిలుతో గుర్తుపెట్టి కౌంటరులో చూపిస్తే, ఆ అమ్మాయి పాపం పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ప్రెస్సు వాళ్ళు పాత కాపీ ఇచ్చినట్టున్నారు మేడం" అంది. కొత్త కాపీ ఎప్పుడొస్తుందంటే జవాబు లేదు. 900 రూపాయలకు ఇది చెల్లదు. ఆ డబ్బు పెట్టి తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకాలు కొనుక్కొని, సారు చెప్పినది నోట్సు రాసుకోవడం మేలు.

ఏడో ఆదివారం జరిగిన ఒక చిన్న ప్రయోగాన్ని మాత్రం తప్పక చెప్పాలి. కాంచీపురం జిల్లాలోని ఉత్తరమేరూరులో మొదటి పరాంతక చోళుని కాలపు శాసనాలు, 919, 921 సంవత్సరాల నాటివి, గ్రామసభకు సభ్యులను ఎంచుకున్న పద్ధతిని వర్ణిస్తాయి. 30 వార్డులలో అర్హుల పేర్లు తాటాకు ముక్కల మీద రాసి, కుండలో వేసి కలిపి, లోకం తెలియని ఒక బాలుడి చేత తీయించేవారు. సారు మంచినీళ్ళ స్టీలు బిందెను ఖాళీ చేయించి, మా అందరి పేర్లూ చీటీల మీద రాయించి అందులో వేయించారు. తరువాత అర్హతలు ఒక్కొక్కటే చదివారు: 35 ఏళ్ళకు పైన, 70 ఏళ్ళ లోపు వయసు, పన్ను కట్టే సొంత భూమి, సొంత స్థలంలో ఇల్లు, వేద విద్య, కిందటి మూడేళ్ళలో ఆ పదవి చేసి ఉండకూడదు, పదవిలో ఉండి లెక్కలు అప్పగించనివారూ వారి బంధువులూ పనికిరారు. ఒక్కో షరతు చదివినప్పుడల్లా అర్హత లేనివారి చీటీలు తీసేయమన్నారు. చివరికి బిందెలో మిగిలినవి రెండే చీటీలు. వాటిలో ఆడవాళ్ళవి ఒక్కటీ లేదు. ఇది ప్రజాస్వామ్యమేనా అని నేను అడిగాను. లెక్కలు చెప్పనివాడిని బంధువులతో సహా పక్కన పెట్టిన నిబంధన ఈనాటికీ ఆదర్శమే గానీ, చీటీ బిందెలోకి వెళ్ళే ముందే జరిగిన వడపోతను బట్టి చూస్తే అరిస్టాటిల్ దీన్ని కొందరి పాలన గడిలోనే వేసేవాడని ఆయన ఒప్పుకున్నారు. చీటీ తీయడాన్ని మాత్రం గ్రీకులు ప్రజాస్వామ్య పద్ధతిగానే లెక్కించారని, ఎన్నికను కొందరి పాలనకు తగిన పద్ధతిగా అనుకున్నారని జోడించారు. తప్పును కప్పిపుచ్చకుండా పాఠాన్ని ఇలా తెరచి ఉంచడం నాకు నచ్చింది.

వసతుల విషయానికి వస్తే చెప్పుకోదగినది ఏమీ లేదు. హాలు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. డెబ్భై మందికి సరిపోయే చోట నూటికి పైగా కూర్చోబెట్టారు. మైకు ఉన్నా చివరి మూడు వరుసలకు సరిగ్గా వినిపించదు. ఎనిమిదిన్నరకు చేరితే తప్ప ముందు వరుస దొరకదు, చంద్రగిరి నుంచి బస్సులో వచ్చే నాకు అది ఎనిమిది సార్లే సాధ్యమైంది. బండ్లు నిలపడానికి చోటు లేక పక్క వీధిలో పెడితే అక్కడివారితో గొడవలు. కరెంటు పోయినప్పుడు ఫ్యాన్లు ఆగిపోతాయి గానీ సారు పాఠం ఆగదు.

అసలు ఫిర్యాదు ఆఫీసు మీద. చేరేటప్పుడు ఇచ్చిన కరపత్రంలో 16 ఆదివారాలు, 10 మాక్ టెస్టులు అని అచ్చు వేశారు. జరిగినవి 14 ఆదివారాలు, 6 టెస్టులు. ఆ పద్నాలుగులో కూడా రెండు వారాలు సారు ఊళ్ళో లేనందున వేరొకరు వచ్చి, మెటీరియల్‌ను మొదటి పేజీ నుంచి గట్టిగా చదివి వెళ్ళారు. రెండో వాయిదా ఫీజు గడువు దాటితే రోజుకు యాభై రూపాయలు వసూలు చేసిన ఆఫీసు, తగ్గిన క్లాసులకు ఎంత తిరిగి ఇస్తారని అడిగితే, తరువాతి బ్యాచ్‌లో ఉచితంగా కూర్చోండి అంది. ఉద్యోగం చేసేవారికి మళ్ళీ నాలుగు నెలల ఆదివారాలు ఉచితం కాదని వారికి తెలియకపోదు. ముగింపు రోజున అభిప్రాయ పత్రం పంచారు. అందులో అధ్యాపకుడికి ఐదుకు ఎన్ని మార్కులు, హాలుకు ఎన్ని, మెటీరియల్‌కు ఎన్ని అని గళ్ళున్నాయి. యాజమాన్యానికి గడి లేదు. పుత్తూరు కుర్రాడు దాన్ని చూపించి, "వీళ్ళకు బాణమే లేదు మేడం" అన్నాడు.

నా లెక్కలో బోధనకు ఐదుకు నాలుగున్నర, మెటీరియల్‌కు ఒకటి, వసతులకు రెండు, ఆఫీసుకు ఒకటి. బిట్ల కోసం మాత్రమే వచ్చేవారికి ఈ క్లాసు నెమ్మదిగా అనిపిస్తుంది. మొదటి ఏడు వారాలలో అధికరణ సంఖ్యలు చాలా తక్కువగా వినిపిస్తాయి, పరీక్ష దగ్గరలో ఉన్నవారికి అది కంగారు పుట్టిస్తుంది. ఏడాది గడువు ఉన్నవారు, ముఖ్యంగా తెలుగు మాధ్యమంలో రాసేవారు, నాలాగా లక్షణాల ప్రశ్నల దగ్గర తడబడేవారు చేరవచ్చు. చేరేముందు రెండు పనులు చేయండి: ఆ బ్యాచ్‌కు చెప్పబోయేది అదే సారేనా అని ఫోనులో కాకుండా ఆఫీసుకు వెళ్ళి కనుక్కోండి, ఫీజు రసీదు మీద ఆదివారాల సంఖ్య, టెస్టుల సంఖ్య రాయించి ముద్ర వేయించుకోండి. నా రసీదు మీద మొత్తం డబ్బు అంకెలలోనూ అక్షరాలలోనూ ఉంది, క్లాసుల సంఖ్య మాత్రం ఎక్కడా లేదు.